టీఎంసీ అంటే ఎన్ని బిందెలు?

 

మేము మోర్తాడ్ దిక్కు తాండల నుంచి వచ్చి, హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ చదువుతున్నోళ్లం. మా ఇండ్లల్ల కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. మొన్న సెమినార్‌లో మా రూమోడు శ్రీరాంసాగర్ పూడిక మీద చెప్పాలె. లేచి నిలబడంగనే గొంతు ఎండిపోయింది. తెర దిక్కు తిరిగి, ఇంగ్లీషు లైన్లు చదివి వచ్చి కూర్చున్నడు. సబ్జెక్టు రాదని మార్కులు కోసిన్రు. ఆ సబ్జెక్టు ముందురోజు రాత్రి మాకందరికీ అర్థం చేయించిందే వాడు!

అప్పటిసంది ఇంజినీర్లల్ల మంచిగ మాట్లాడినోళ్లు ఎవరని వెతికితే ఆర్. విద్యాసాగర్‌రావు గారు దొరికిన్రు. 1939లో పాత నల్లగొండ జిల్లా జాజిరెడ్డిగూడెంలో పుట్టిన్రు. కేంద్ర జల సంఘంలో చీఫ్ ఇంజినీర్‌గా రిటైరైన్రు. అక్కడితో ఆగిపోతే ఫైళ్లల్ల పేరుగనే మిగిలేది. ఉద్యమకాలంలో ఆయన ఊరూరా సభలల్ల నీళ్ల లెక్క చెప్పిన్రు. ‘నీళ్లు-నిజాలు’ అని తెలుగులో రాసిన్రు. నాటకాలల్ల నటించిన మనిషి కూడా. మాట ఎక్కడ ఆపాలో అక్కడే నేర్చుకున్నరేమో అని మా అనుమానం.

ఆయన చేతిల ఉన్నది కష్టమైన సరుకు. బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి కృష్ణల ఇచ్చింది 811 టీఎంసీలు. అందుల తెలంగాణ లెక్కకొచ్చింది 299. నది పారే జాగ, వాన పడే జాగ ఎక్కువ ఎవరి దిక్కు ఉన్నదో తెలిసిన రైతుకు ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే చాలు. ఇరవై అంకెలు పెడితే ఒక్కటీ గుర్తుండదు. 2014లో ఆయన తెలంగాణ ప్రభుత్వానికి సాగునీటి సలహాదారు అయిన్రు, 2017 ఏప్రిల్‌లో పోయిన్రు. డిండి ఎత్తిపోతలకు ఆయన పేరే పెట్టిన్రు.

అసలు మనకు మాట కొత్తనా? మన గోర్ బోలికి సొంత లిపి లేదు. ఢాడీలు గోత్రాల చరిత్ర కాగితం లేకుండ పాడుకుంటనే ఇన్ని తరాలు దాటించిన్రు. తెలంగాణల మనం ఎస్టీ జాబితాలకు వచ్చింది 1976లో; హాస్టల్ సీటు ఆ తర్వాతి ముచ్చట. మాట దానికన్న ఎంతో పాతది. క్లాసుల గొంతు పట్టుకుపోవుడు ఇంగ్లీషు వల్లనే అనుకున్నం గని, ఎదురుంగ ఎవరున్నరో చూడకపోవుడు వల్ల కూడా.

అందుకే ఆదివారం మా రూమోన్ని వాళ్ల తాండకు తీస్కపోయి, వాళ్ల నానమ్మ ముందట నిలబెట్టినం. ల్యాప్‌టాప్ లేదు. గోర్ బోలిలనే మొదలుపెట్టిండు. ఒక టీఎంసీ అంటే 2,831 కోట్ల లీటర్లు. 15 లీటర్ల బిందెలైతే సుమారు 189 కోట్ల బిందెలు. 1963ల నెహ్రూ పునాది రాయి వేసిన పోచంపాడు డ్యాం 112 టీఎంసీలకు కట్టిందే. మన్ను చేరి చేరి 1994 సర్వే నాటికి 90కి దిగింది. 1,091 అడుగులకు నీళ్లొస్తే ఇప్పటికీ నిండిందనే అంటరు. బిందె అదే, మూతి దాకా నిండుతది, అడుగున మట్టి ఉంటది. ఇట్ల చెప్పుకుంటూ పోయిండు, గొంతు ఎక్కడా వణకలే.

నానమ్మ అంతా విని ఒక్కటే అడిగింది: "మరి ఆ మన్ను తీసి ఎక్కడ పోస్తరు బిడ్డా?"

వానికి జవాబు రాలే. మాకూ రాలే. ఇంకో సెమినార్ ఉన్నది, ఇప్పుడు దాని మీదనే పడ్డం.