మన్ను తిన్న పిల్లవాడు

కుక్క కరిస్తే నారాయణగూడ ఐ.పి.ఎం.కు పరుగెత్తడం మా బషీర్‌బాగు వాసులకు ఏనాటినుంచో అలవాటు. కరవని కుక్క కూడా మట్టి ద్వారా రోగమివ్వగలదన్న సంగతి మాత్రం చాలామంది ఎరుగరు.

క్రిములు మనకు కొత్తవి కావు. చరకుడు వాటిని ఇరవై విధాలుగా చెప్పి, వెలికితీయడంతో పాటు నిదాన పరివర్జనాన్ని, అంటే కారణాన్ని దూరం చేయడాన్ని కూడా చికిత్సలో చేర్చినాడు. మన జనం ఏలికపాములు, నులిపురుగులు, బద్దెపురుగులు అని పేర్లు పెట్టుకున్నారు. పేర్లున్నవి గాని, అవి లోపలికి వచ్చే దారులన్నీ తెలియవు. 1897లో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జాడ కనుగొన్నాడు. మరుసటి ఏడే కైరోలో ఆర్థర్ లూస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు, తన చేతిమీద ఒలికిన నీటిలోని కొంకిపురుగు పిల్లలు చర్మాన్ని తొలుచుకొని పోయినవని ప్రకటించినాడు. నోటితో పనిలేదు, చెప్పులేని కాలు చాలు! మలంతో నేలపడిన గుడ్లు తడిమట్టిలో పిల్లలవుతవి. అవి పాదం గుండా నెత్తుట చేరి, ఊపిరితిత్తుల మీదుగా గొంతుకెక్కి, మింగుడుపడి, చివరకు పేగును కరచి రక్తం పీలుస్తవి. ఏలికపాము గుడ్లు మాత్రం మట్టిచేతులతోనో, కడగని కూరలతోనో నోట పడవలె.

కుక్కపిల్లల పేగులోనూ ఒక జాతి ఏలికపాము ఉన్నది. దాని గుడ్లు మట్టిలో కొన్ని వారాలు మాగి పసివాని నోట పడితే, పురుగు పెరగలేక ఒళ్ళంతా దారితప్పి తిరుగుతుంది. కంట చేరితే చూపుకే ముప్పు. 1950లో అమెరికాలో హెలెనార్ వైల్డర్ పిల్లల కళ్ళలో పిల్లపురుగులను చూసినా, అవి కుక్కలవని తేలడానికి మరికొన్నేళ్ళు పట్టింది.

1908 మూసీ వరద తరువాత నగరానికి వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని మనం జలాశయాలతోనే తలచుకుంటాము. ఆయన మురుగుకాలువల పథకం కూడా వేసినారు. మలాన్ని మట్టికి దూరం చేసే ఆ కాలువ, నా లెక్కలో, జలాశయానికి తక్కువది కాదు.

అటువంటి కాలువలు లేని పల్లెలోనే నేను మొదట పాఠం చెప్పినాను. ఒక పిల్లవాడు, పాలిపోయిన మొగం, ఉత్తకాళ్ళు, బలపాలు కొరికేవాడు, గోడమన్ను గీకి తినేవాడు. అప్పుడు పోతనగారి మన్నుతిన్న కృష్ణుని ఘట్టం చెబుతున్నాను. "వీడే మన కృష్ణుడు" అన్నాను. తరగతి పకపక నవ్వింది. కొన్నాళ్ళకు బడికి వచ్చిన డాక్టరుగారు వాని కనురెప్ప విప్పి చూసి, రక్తం లేదన్నారు. పురుగులు రక్తం తాగితే ఇనుము తగ్గి, మన్ను మీద కోరిక పుట్టవచ్చునన్నారు. పురుగుల మందు, ఇనుము మాత్రలు ఇచ్చినారు. ఇప్పుడైతే, 2015లో మొదలైన నులిపురుగుల దినాన ఆల్బెండజోల్ మాత్ర బడిలోనే నమిలిస్తున్నారు.

వాడు తేరుకున్నాడు, మన్ను మానినాడు. నేను వద్దన్నా పిల్లలు మాత్రం బడి విడిచేదాకా వాణ్ణి కృష్ణుడనే పిలిచినారు.