పోయినవాళ్ళు నేర్పిన విద్య

రాబిన్సన్ క్రూసో ఒడ్డుకు కొట్టుకొచ్చాక, తనతో ఓడలో ఉన్నవాళ్ళలో ఒక్కడూ మిగల్లేదని తెలుసుకుంటాడు. ఆ తర్వాత వాళ్ళ తాలూకు అతని కంటబడినవి మూడు హ్యాట్లు, ఒక టోపీ, జత కలవని రెండు బూట్లు. డేనియల్ డిఫో ఒక్క వాక్యంలో చావుల సంగతి తేల్చేసి, మర్నాడే కథానాయకుణ్ణి చెడిపోయిన ఓడ మీదికి పంపుతాడు. పనిముట్లు, తుపాకులు, మందుగుండు, తిండి, రమ్ము, చివరికి ఆ దీవిలో ఎందుకూ కొరగాని డబ్బు కూడా ఒడ్డుకు చేరతాయి. 1719లో వచ్చిన ఈ నవల పిల్లల కోసం రాసింది కాదు. అయినా, ఎక్కడో చిక్కుబడి బతికి బయటపడే కుర్రవాళ్ళ కథలన్నిటికీ మూలపురుషుడు క్రూసోనే. దీవిలో గడిపిన ఇరవై ఎనిమిదేళ్ళలో అతను సమకూర్చుకున్నవాటి జాబితా చాంతాడంత. తనకోసం తాను వగచిన పేజీలూ ఉన్నాయి. పోయినవాళ్ళ కోసం ఏడ్చినవి మాత్రం వెతుక్కోవాలి.

తత్వవేత్త రూసో 1762లో తన ‘ఎమిల్’లో, పిల్లవాడి చేతిలో పెట్టదగిన మొదటి పుస్తకం ఇదేనన్నాడు. అక్కణ్ణుంచి క్రూసోను పిల్లలకు తగ్గట్టు మలచడం మొదలైంది. జర్మనీలో కాంపే అనే ఆయన ఓడ సామానంతా లాగేసుకుని, ఉత్త చేతులతో బతుకు చూద్దామన్నాడు. ఆ ఆలోచన మంచిదే. స్విట్జర్లాండ్ పాస్టరు వీస్ రాసిన కథ 1812లో వచ్చింది. అందులో తల్లీ తండ్రీ పిల్లలూ కట్టకట్టుకుని దీవికి చేరతారు కాబట్టి ఎవరినీ పోగొట్టుకునే పనే లేదు. 1857 చివర్లో బాలంటైన్ ‘కోరల్ ఐలాండ్’ వచ్చింది. అందులో ముగ్గురు బ్రిటిష్ కుర్రాళ్ళకు ఓడ పగలడం సెలవులు ఇచ్చినట్టుంటుంది. బాలంటైన్ ఆ సముద్రాలు చూసినవాడు కాదు. అంగట్లో దొరికే పీచు తీసిన కొబ్బరికాయే చెట్టున కాస్తుందనుకుని అలాగే రాసేశాడు. కోనసీమ కుర్రాడెవడైనా మొదటి అధ్యాయాల్లోనే పుస్తకం మూసేసేవాడు.

పంతొమ్మిదో శతాబ్దపు ఈ కథల్లో ధైర్యమంటే దీవిని లొంగదీసుకోవడం. చుట్టూ భూగోళాన్ని పంచుకుంటున్న సామ్రాజ్యాలుంటే కథలు మరోలా ఎలా ఉంటాయి? జూల్ వెర్న్ 1888 నవలలో పదిహేను మంది కుర్రాళ్ళు దీవిలో ఎన్నికలు పెట్టుకుని నాయకుణ్ణి ఎన్నుకుంటారు. వాళ్ళలో నల్లవాడైన మోకోకు ఓటుండదు.

రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళంలో పనిచేసి వచ్చిన బడిపంతులు విలియం గోల్డింగ్ ఈ హుషారు మీద నీళ్ళు చల్లాడు. బాలంటైన్ కుర్రాళ్ళ పేర్లే, రాల్ఫ్, జాక్, తీసుకుని 1954లో ‘లార్డ్ ఆఫ్ ద ఫ్లైస్’ రాశాడు. దీవిలో వదిలితే పిల్లలు ఒకరినొకరు చంపుకుంటారన్నాడు. గొప్ప నవలే, కాదనను. కానీ పన్నెండేళ్ళు తిరక్కుండానే లోకం వేరే సాక్ష్యం చెప్పింది. టోంగాలో ఆరుగురు బడిపిల్లలు 1965లో ఒక పడవ ఎత్తుకుపోయి తుఫానులో చిక్కి, మనుషుల్లేని అటా దీవిలో పడ్డారు. పదిహేను నెలల తర్వాత ఆస్ట్రేలియా కెప్టెన్ పీటర్ వార్నర్ వాళ్ళను చూసేసరికి, ఊళ్ళో వాళ్ళ అంత్యక్రియలు కూడా అయిపోయాయి. పిల్లలు వంతులేసుకుని నిప్పు ఆరకుండా కాచారు. ఒకడికి కాలు విరిగితే మిగతావాళ్ళు ఎముక సరిచేసి కట్టుకట్టారు. తిరిగొచ్చాక పడవ దొంగతనం కింద పోలీసులు పట్టుకున్నారన్నది కొసరు. గోల్డింగ్ నవలను పాఠంగా చెప్పే ప్రతి బడిలోనూ ఈ సంగతి కూడా చెప్పాలని నా పట్టు.

నిజమైన మలుపు మాత్రం 1960లో, స్కాట్ ఓడెల్ రాసిన ‘ఐలాండ్ ఆఫ్ ద బ్లూ డాల్ఫిన్స్’తో వచ్చింది. అప్పటికి ఆయనకు అరవై దాటాయి, పిల్లల కోసం రాసిన మొదటి నవల అది. దాని వెనక ఒక నిజమైన స్త్రీ ఉంది. కాలిఫోర్నియా తీరానికి దూరంగా ఉన్న సాన్ నికొలాస్ దీవిలో నికొలేన్యో జాతివాళ్ళుండేవాళ్ళు. నీటికుక్కల తోళ్ళ కోసం వచ్చిన వేటగాళ్ళు వాళ్ళలో చాలామందిని చంపేశారు. మిగిలినవాళ్ళను 1835లో ఓడలో తరలించారు. ఒకామె ఉండిపోయింది. పద్దెనిమిదేళ్ళ తర్వాత, 1853లో, జార్జి నైడెవర్ బృందం ఆమెను సాంటా బార్బరాకు తీసుకొచ్చింది. అప్పటికి అక్కడ ఆమె మాట పూర్తిగా తెలిసినవాళ్ళే దొరకలేదు. ఏడు వారాలకు జబ్బుచేసి చనిపోయింది. హువానా మరియా అన్నది మిషన్ వాళ్ళు పెట్టిన పేరు. అసలు పేరేమిటో ఎవరూ రాసిపెట్టలేదు.

ఓడెల్ ఆమెను కరానా అనే పన్నెండేళ్ళ పిల్లగా మార్చాడు. ఓడ కదిలాక తమ్ముడు రామో దీవిలో ఉండిపోయాడని తెలిసి ఆ పిల్ల నీళ్ళలోకి దూకుతుంది. కొద్దిరోజులకే అడవికుక్కలు తమ్ముణ్ణి చంపేస్తాయి. కథ ఇంకా మొదట్లోనే ఉంది. ఇక ఆమెకు లోకంలో ఎవరూ లేరు. క్రూసోకి డిఫో దాటవేసిన ఘట్టమే ఇక్కడ నవలకు ఇరుసు. ఆడది ఆయుధం చేస్తే కీడు జరుగుతుందని ఆ తెగ నమ్మకం. చేసుకోక తప్పదు. పెద్దవాళ్ళు చేస్తుండగా చూసినదాన్ని జ్ఞాపకం తెచ్చుకుంటూ, భయపడుతూనే విల్లు చేస్తుంది. కుక్కల గుంపు పెద్దను బాణంతో కొడుతుంది. చావబోతున్న దాన్ని మళ్ళీ ఎత్తుకొచ్చి బతికిస్తుంది. తమ్ముణ్ణి చంపినదాన్ని ఎందుకు బతికించిందో ఆమె వివరించదు, రచయితా వివరించడు. ఉత్కంఠ అంటే తరవాతి పేజీలో ఏ మృగం దూకుతుందోననే కాదు, ఈ పిల్ల మనసు ఎటు తిరుగుతుందోనని కూడా. ఆ ఘట్టం చదివినప్పుడు అది తెలుస్తుంది. కనుమరుగైన జాతి కథను బయటివాడు తన ఊహతో నింపాడన్న విమర్శ ఉంది, అది న్యాయమైనదే. అయినా 1961 న్యూబెరీ పతకం తప్పుడు చేతికి వెళ్ళిందనను.

థియొడోర్ టేలర్ 1969లో రాసిన ‘ద కే’లో చూపు పోయిన తెల్లకుర్రాడు ఫిలిప్‌కు వెస్టిండీస్ ముసలాయన టిమొతీ చేపలు పట్టడం, కొబ్బరిచెట్టెక్కడం నేర్పి, తుఫానులో తన వీపు అడ్డుపెట్టి పోతాడు. నల్లవాడు తెల్లవాడి కోసం చావడమే కథా అని గొడవ రేగింది. వచ్చిన ఒక బహుమతిని రచయిత తిరిగి పంపేశాడు. నావరకు ఆ నవలలో మిగిలేది ముసలాయన పోయాక అతని పాఠాలతోనే కుర్రాడు బతకడం.

గ్యారీ పాల్సెన్ ‘హ్యాచెట్’ (1987) దగ్గరికొచ్చేసరికి ఓడ సామానంతా ఒక చిన్న గొడ్డలికి కుదించుకుపోయింది. అది బయల్దేరేటప్పుడు తల్లి ఇచ్చిన కానుక. పదమూడేళ్ళ బ్రయన్ కెనడా అడవుల మీదుగా విమానంలో తండ్రి దగ్గరికి వెళ్తుండగా పైలట్‌కు గుండెపోటు వస్తుంది. బ్రయనే విమానాన్ని సరస్సులో దించుతాడు. తర్వాత యాభై నాలుగు రోజులు. చీకట్లో గూట్లోకి దూరిన ముళ్ళపంది మీదికి గొడ్డలి విసిరితే రాతికి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. అలా నిప్పు దొరుకుతుంది. అంతకన్నా పెద్ద విషయం, ఏడ్చి ఏడ్చి చూస్తే కాలినొప్పి అలాగే ఉందని, ఏడుపు పనిచేయదని అతను తెలుసుకోవడం. పాల్సెన్ తాగుబోతు తల్లిదండ్రుల ఇంట పెరిగినవాడు, అడవులు తెలిసినవాడు. బ్రయన్ తన తల్లిదండ్రుల విడాకుల వెనక తనకొక్కడికే తెలిసిన రహస్యాన్ని చివరికీ తండ్రికి చెప్పడు. అది చెప్పించి ఉంటే ఈ పుస్తకం మామూలుదైపోయేది.

2008లో ‘హంగర్ గేమ్స్’ అడవిని టీవీ స్టూడియో చేసింది. అక్కడ శత్రువు ప్రభుత్వం. అయినా కథానాయిక కాట్నిస్ విలువిద్యా, తినదగిన మొక్కల తెలివీ గని ప్రమాదంలో పోయిన తండ్రి ఇచ్చినవే.

కల్పన ఇలా సాగుతుంటే నిజం దాన్ని మించుతూ వచ్చింది. 1971 క్రిస్మస్ ముందు రోజు పెరూ అడవి మీద విమానం ముక్కలైంది. పదిహేడేళ్ళ యులియానె కెప్కె సీటుతో సహా కింద పడింది. వాగు పట్టుకుని నడిస్తే మనుషులు తగులుతారన్న తండ్రి మాటను నమ్మి పదకొండు రోజులకు బయటపడింది. తల్లి ఆ ప్రమాదంలోనే పోయింది. 2023 మే 1న కొలంబియా అడవిలో చిన్న విమానం కూలింది. తల్లిని పోగొట్టుకున్న నలుగురు ఆదివాసీ పిల్లలు నలభై రోజులు బతికారు. అందరికన్నా పెద్దపిల్లకు పదమూడేళ్ళు, సరిగ్గా బ్రయన్ వయసు. ఆఖరిది ఏడాది నిండని పసిపాప. విమానంలోని కర్రపెండలం పిండి, ఆ తర్వాత అడవి పళ్ళూ గింజలూ తిన్నారు. ఏవి తినవచ్చో ఇంటి పెద్దవాళ్ళు నేర్పినదే. కదలకుండా ఉండండని అమ్మమ్మ గొంతు రికార్డు చేసి, హెలికాప్టర్ల నుంచి అడవంతా వినిపించారు.

తెలుగు సంగతికొస్తే, ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు మనకు కావలసినంత ఉత్కంఠ ఇచ్చాయి. కానీ అక్కడ ఆపద మాంత్రికుడి వల్ల వస్తుంది, మంత్రంతో పోతుంది. మంత్రాల్లేకుండా మనిషిని రాత్రి అడవిలో నిలబెట్టినవాడు కేశవరెడ్డి. ‘అతడు అడవిని జయించాడు’లో తప్పిపోయిన పంది కోసం వెళ్ళిన ముసలివాణ్ణి నడిపించేది తరాల అనుభవం. అది పెద్దల నవల. పదమూడేళ్ళవాళ్ళ కోసం అలాంటిది రాయడానికి మనకు ముడిసరుకు లేదనలేం. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలో వేల మంది కొట్టుకుపోయారు, చెట్లు పట్టుకుని వేలాడినవాళ్ళు మిగిలారు. ఆ రాత్రి పదేళ్ళున్నవాళ్ళు ఇప్పుడు అరవైకి అటూఇటూగా ఉన్నారు. వెళ్ళి అడిగి రాసుకునే నవలాకారుడికి వ్యవధి ఇంకా కొంత ఉంది.