చవుటినేలను జయించిన వరివిత్తు



ఉప్పు అన్నమునకు రుచి, పైరునకు విషము. సముద్రతీరమున చవుటినేల దున్నినవారికి ఈ మాట నేను చెప్పనక్కరలేదు. అయినను ఆ నేలయందే పండెడి వరులు కొన్ని గలవు. వాని బలమెట్టిదో, అది లోకమునకెట్లు తెలియవచ్చెనో నేడు విన్నవించెదను.

ఉప్పుతో కృషీవలుని పోరు మిక్కిలి ప్రాచీనము. నేటి ఇరాకు దేశపు దక్షిణభాగమున సుమేరియనులు కాలువలు త్రవ్వి గోధుమయు యవలును పండించిరి. నీరు పారినది గాని, మురుగు పోవు దారి లేదయ్యెను. భూగర్భజలము పైకెక్కి, ఎండకు ఇగిరి, ఉప్పును నేలపై విడిచెను. జేకబ్సెన్, ఆడమ్సు అను పండితులు 1958లో ప్రకటించిన వ్యాసము ప్రకారము, క్రీ.పూ. 3500 ప్రాంతమున ఈ రెండు పైరులు ఇంచుమించు సమముగా నుండెను. క్రీ.పూ. 2500 నాటికి గోధుమ ఆఱవవంతునకు దిగెను. క్రీ.పూ. 1700 నాటికి ఆ దక్షిణభూములలో గోధుమసాగు నిలిచిపోయెను. ఉప్పొక్కటియే దీనికి కారణమా యను వాదము తరువాత లేచినది గాని, యవలు గోధుమకంటె ఉప్పునకు ఓర్చుననుట మాత్రము నిజము.

సుమేరియనులు పైరును మార్చుకొనిరి. మన దేశపు రైతులు వరినే ఉప్పునకు అలవరచిరి. కేరళమున ఎర్నాకుళము, ఆలప్పుళ, త్రిశ్శూరు ప్రాంతముల ఉప్పుకయ్యలలో పొక్కాలి యను వరి గలదు. వేసవిలో ఆ కయ్యలలో సముద్రపునీరు ఆడును. రైతులు మట్టిని చిన్న దిబ్బలుగా పోసి, తొలకరివానకు దిబ్బల ఉప్పు కడిగిపోయిన పిదప మొలకవిత్తనములు చల్లుదురు. కోతనాడు వెన్నులు మాత్రమే కోయుదురు. మిగిలిన గడ్డి నీట మురిగి, తరువాత పెంచెడి రొయ్యలకు మేతగును. వంగదేశపు తీరమున నోనాబొక్రా అను మఱియొక వరి గలదు. ఆ భాషలో నోనా యనగా ఉప్పనిది.

ఈ వరుల రహస్యమేమి? తండ్రి పోలిక బిడ్డకు వచ్చునట్లు, మొక్క గుణములు విత్తనమునుండి విత్తనమునకు సంక్రమించును. ఆ గుణములను మోయు సూక్ష్మాంశమునకే జన్యువని పేరు. షాంఘై నగర శాస్త్రజ్ఞులు నోనాబొక్రాను జపానుదేశపు కోషిహికారి వరితో సంకరము చేసి, ఉప్పునోర్చు జన్యువు నొకదానిని 2005లో పట్టుకొనిరి. దాని పని ద్వారపాలకుని పనివంటిది. వేరు పీల్చిన నీటితో ఉప్పులోని సోడియము ఆకులకెక్కబోవగా, నీటినాళములనుండి దానిని వెనుకకు లాగి నిలుపును. అందుచే లేత ఆకులు మాడవు. ఫిలిప్పైన్సు దేశపు అంతర్జాతీయ వరి పరిశోధనసంస్థవారు పొక్కాలినుండి గుర్తించిన సాల్టోలు అను భాగమును ఆ తావుననే యున్నది. ఇది ముఖ్యముగా నారుదశలో కాపాడును. పూతదశలో ఓర్పునకు వేఱు జన్యువులు కావలెను.

అనావృష్టి విషయమును ఇట్టిదే. నీరు క్రిందికి దిగినపుడు వేరు దానిని వెంబడింపవలెను. ఫిలిప్పైన్సులోని కినాందాంగ్ పాతోంగ్ అను మెట్టవరికి వేళ్లు లోతుగా దిగును. ఐ.ఆర్. 64కు పైపైననే ప్రాకును. మన కాటన్‌దొర సన్నాలకు ఈ ఐ.ఆర్. 64 ఒక జనకరకము. వేళ్లను నిలువుగా దింపెడి జన్యువును జపాను శాస్త్రజ్ఞులు మెట్టవరినుండి ఐ.ఆర్. 64 లోనికి తెచ్చి, బెట్టకాలమున దిగుబడి నిలుచుటను 2013లో చూపిరి.

1864 నవంబరు 1న బందరును, 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తిన సంగతి మన పెద్దలు మఱవరు. కడలినీరు పారిన పొలమునకు మంచినీటితో కడుగుటయు, మురుగుకాలువయు మొదటి మందు. ఓర్పుగల విత్తనము రెండవది. మొదటిది లేక రెండవది చాలదని సుమేరియనుల కథయే చెప్పుచున్నది.

ఇంకొక్క మాట. పై జన్యువులను శాస్త్రజ్ఞులు సృష్టింపలేదు, కనుగొనిరి. తరతరములుగా చవుటిలో బ్రదికిన వెన్నులనే యేరి దాచిన రైతులే వానిని నిలిపిరి. నేడు కూలివారు దొరకకయు, రొయ్యలకే లాభ మెక్కువగుటచేతను పొక్కాలి కయ్యలు తగ్గిపోవుచున్నవి. వరి పరిశోధనసంస్థ చలిగిడ్డంగిలో 1,30,000కు మించిన వరిరకములు భద్రముగా నున్నమాట నిజమే. కాని గిడ్డంగిలోని గింజ ఎండవానల నెఱుగదు. చేనిలోని గింజ ఏటేట కాలముతో పోరి నేర్చుచుండును.

మన దేశమున 2001లో చేసిన చట్టము రైతు తన విత్తనమును దాచుకొనుటకు, విత్తుటకు, ఇచ్చిపుచ్చుకొనుటకు, తన రకమును నమోదు చేయించుకొనుటకు హక్కు నిచ్చినది. కావున మీ యూర పాతవరి యేదైనను గాదె మూల మిగిలియున్నచో, దిగుబడి తక్కువని పాఱవేయకుడు. ఒక మూల నాలుగు సెంట్లలోనైనను ఏటేట విత్తి, దాని పేరును గుణమును పిన్నలకు చెప్పుడు. జన్యువు పేరెఱుగని తాతలు దానిని కాపాడిరి. పేరెఱిగిన మనము పోగొట్టుకొనరాదు.