తేళ్ల కాలజ్ఞానాన్ని శోధించిన ఆచార్యుడు: కె. పంపాపతి రావు

ఆచార్య కె. పంపాపతి రావు జంతు శరీరధర్మ శాస్త్రవేత్త. వేడిమిని, చలిని, ఆటుపోట్లను, రేయింబవళ్లను జంతువులు ఎట్లు గ్రహించును, వాటి నాడులు, కండరములు అందుకు తగినట్లు ఎట్లు నడుచుకొనును అనునవి ఆయన పరిశోధనాంశములు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర శాఖలో ఆయన కృషి సాగింది. ఆ విశ్వవిద్యాలయం 1954లో ఏర్పడిన నాటికి తిరుత్తణి కూడా చిత్తూరు జిల్లాలోనిదే. 1960 ఏప్రిల్ 1న అది మద్రాసు రాష్ట్రంలో చేరింది.

ఆల్చిప్పల పరిశోధన

అమెరికాలో ఆయన రాళ్లను అంటిపెట్టుకొని జీవించే ఆల్చిప్పలను పరిశీలించారు. అవి నీటిని లోనికి లాగి, వడగట్టి ఆహారం గ్రహిస్తాయి. ఆ వేగం ఆటుపోట్ల వేళలను బట్టి హెచ్చుతగ్గులు చెందుతుందని, పోటు లేని ప్రయోగశాల తొట్టిలోనూ ఆ లయ కొనసాగుతుందని 1954లో ప్రకటించారు. తూర్పు తీరం నుండి కాలిఫోర్నియాకు తెచ్చిన ఆల్చిప్పలు మొదట తమ పుట్టిన తీరపు వేళలనే పాటించాయి. కొత్త తీరంలో ఉంచిన పిమ్మట అక్కడి వేళలకు మారాయి. అదే ఏడు థియోడోర్ బుల్లక్‌తో కలిసి శీతలరక్త జీవులపై ఉష్ణోగ్రత ప్రభావాన్ని గురించి మరొక వ్యాసం వెలువరించారు.

వానపాములు, తేళ్లు

వానపాములు చలికి అలవాటుపడే తీరుపై కె. సరోజతో కలిసి వ్రాసిన వ్యాసం 1965లో వెలువడింది. 1967లో ఎస్. గోవిందప్పతో కలిసి, మండ్రగబ్బల జాతికి చెందిన తేలు కండరములలోని ఎంజైముల చురుకుదనం పగటికి రాత్రికి మారుతుందని చూపారు. తేలు నాడీరజ్జువులోనూ అటువంటి లయ ఉన్నట్లు 1968లో వేరొక వ్యాసం వెల్లడించింది. తేలు చీకటి పడగానే వెలికి వచ్చుట కేవలం వెలుతురు తగ్గినందున కాదు. దాని దేహమే వేళను ఎరిగి సిద్ధమవుతుంది.

గ్రామీణులకు ఉపయోగం

కట్టెల మోపులు, రాళ్ల కుప్పల వద్ద రాత్రివేళ దీపం లేక చేయి పెట్టరాదు. చెప్పులు దులిపి తొడగాలి. పెద్ద నల్ల మండ్రగబ్బ కంటె చిన్న ఎర్రతేలు ప్రమాదకరం. అది కుడితే, విశేషించి పిల్లలకు, ప్రాణాపాయం కలుగవచ్చు. మహారాష్ట్రలోని మహాడ్ వైద్యుడు హిమ్మత్‌రావ్ బావస్కర్ కృషితో ప్రాజోసిన్ అను మందు ఇందుకు వాడుకలోకి వచ్చింది. మంత్రాలతో కాలయాపన చేయక, వెంటనే ఆసుపత్రికి చేర్చుటయే క్షేమం.