దెహ్రాదూను అరణ్య పరిశోధనాలయము - శొంఠి కామేశముగారి కృషి

తెలుగునాటికి వెలుపల తరతరములుగా నివసించుచున్న మనము, మనవారి ఘనతను చెప్పుకొనునపుడు సాధారణముగా కవులను, గాయకులను, రాజులను స్మరింతుము. తంజావూరు నాయకరాజుల ఆస్థానమును, త్యాగరాజస్వామిని పేర్కొనని సభ మనలో లేదనవచ్చును. అది ఉచితమే. కాని స్వస్థలమునకు దూరముగా ప్రయోగశాలలలోను, కర్మాగారములలోను పనిచేసి లోకమునకు ఉపకరించిన తెలుగువారికి మన స్మృతిలో తగిన చోటు లభింపలేదు. అట్టివారిలో శొంఠి కామేశముగారు ముఖ్యులు. దెహ్రాదూనులోని అరణ్య పరిశోధనాలయమున ఆయన కనిపెట్టిన మందు, అనేక దేశములలో లెక్కకు మిక్కిలియైన కొయ్య స్తంభములను చెదల బారినుండి కాపాడినది. ఆ సంస్థ చరిత్రతోపాటు ఆయన కృషిని, దాని మంచిచెడ్డలను ఇచట వివరింపగోరుచున్నాము.

మనదేశమున 1853లో బొంబాయి, ఠాణాల నడుమ తొలి ప్రయాణికుల రైలు నడచెను. ఇనుప పట్టాల క్రింద పఱచుటకు కొయ్య స్లీపర్లు లక్షలకొలది కావలసివచ్చెను. టేకు, గుగ్గిలము, దేవదారు వంటి కొలది జాతుల చేవ మాత్రమే నేలలో చిరకాలము నిలువగలదు. కావున ఆ చెట్లపై గొడ్డలివేటు పడెను. అడవులు తఱుగుట చూచి ప్రభుత్వము 1864లో అటవీశాఖను నెలకొల్పి, జర్మను దేశీయుడగు డీట్రిఖ్ బ్రాండిస్‌ను తొలి ఇన్‌స్పెక్టరు జనరలుగా నియమించెను. 1878లో దెహ్రాదూనున అటవీ పాఠశాల వెలసెను. దానికి 1890 మొదలు 1899 వఱకు అధ్యక్షుడుగా ఉన్న జె. ఎస్. గాంబుల్, అంతకుముందు మద్రాసు రాజధానిలో అటవీ అధికారిగా పనిచేసినవాడు. భారతదేశపు కలపలను గూర్చి ఆయన 1881లో ప్రకటించిన గ్రంథమున ఇతర భాషల పేర్లతోపాటు చెట్ల తెలుగు పేర్లును చోటుచేసికొన్నవి. అటుపిమ్మట 1906లో, ఎర్డ్లీ విల్మాట్ ఇన్‌స్పెక్టరు జనరలుగా ఉన్న కాలమున, ఇంపీరియల్ అరణ్య పరిశోధనాలయము స్థాపితమయ్యెను.

ఈ చరిత్రకు రెండవ ముఖము కలదు. అడవులను కాపాడు పేరిట వచ్చిన 1878 నాటి భారత అటవీ చట్టమును, 1882 నాటి మద్రాసు అటవీ చట్టమును కొండవాండ్ర పోడు వ్యవసాయమునకు, పశువుల మేతకు, వంటచెఱకునకు అడ్డువచ్చినవి. 1922 మొదలు 1924 వఱకు అల్లూరి సీతారామరాజు నాయకత్వమున మన్యము తిరుగబడుటకు ఈ అటవీ నిర్బంధములును ఒక కారణము. ఆ పోరాటము సాగుచున్న 1923వ సంవత్సరముననే దెహ్రాదూనున పరిశోధనాలయపు క్రొత్త భవనమునకై కౌలాగఢ్ ప్రాంతమున నేల సేకరింపబడెను. విజ్ఞానము పెరిగినది నిజము. ఆ విజ్ఞానము ఎవరి అడవిని ఎవరి అధీనమున ఉంచినదో మఱచుట న్యాయము కాదు.

సి. జి. బ్లామ్‌ఫీల్డ్ రూపొందించిన ఆ భవనమును 1929 నవంబరు 7వ తేదీన వైస్రాయి ఇర్విన్ ప్రభువు ప్రారంభించెను. సుమారు రెండున్నర హెక్టారులలో విస్తరించిన ఆ ఇటుక కట్టడము దేశమందలి మహాసౌధములలో నొకటి. అందలి వృక్షసంగ్రహమున మూడు లక్షలకు మించిన ఎండు నమూనాలు కలవు. కలప ప్రదర్శనశాలలో ఏడువందల ఏండ్లకు పైబడిన దేవదారు మ్రాను అడ్డుకోత నేటికిని చూపఱులను ఆకర్షించుచున్నది.

పరిశోధనాలయము చేసిన పనులు పెక్కు. ఆర్. ఎస్. ట్రూప్ మన చెట్ల పెంపకమును గూర్చి మూడు సంపుటముల గ్రంథమును 1921లో వెలువరించెను. విలియం రెయిట్ వెదురునుండి కాగితపు గుజ్జు తీయు పద్ధతిని చక్కదిద్దెను. ఆ పరిశ్రమను ప్రోత్సహించుటకు 1925లో ప్రత్యేక చట్టము వచ్చెను. ఒడిశాలోని రాయగడ ప్రాంతమున ఉన్న మనవారు 1962లో అచట ఆరంభమైన కాగితపు మిల్లును ఎఱుగుదురు. వెదురు కాగితమగుట వెనుక దెహ్రాదూనులోని ఇట్టి కృషి కలదు.

ఇక కామేశముగారి పనికి వత్తము. కొయ్యకు శత్రువులు ముఖ్యముగా రెండు: చెదలు మొదలగు పురుగులు ఒకటి, కుళ్ళజేయు శిలీంధ్రములు రెండవది. చేవలేని కలపకు మందు పట్టించి స్లీపర్లుగా వాడవచ్చునని ఆర్. ఎస్. పియర్సన్ పరిశోధనాలయమున ప్రయోగములు చేసెను. క్రియోసోటు అను తారునూనె మంచి మందే. కాని అది మురికిగా అంటుకొనును, ఘాటైన వాసన వేయును. నీటిలో కరగు లవణములు చౌక, శుభ్రము. అయితే నీటిలో కరిగి లోనికి చేరినది వాననీటిలో కరిగి వెలుపలికిని పోవును. నీటితో లోనికి పోవలెను, పిమ్మట నీటికి లొంగరాదు. ఇదియే సమస్య.

కలప సంరక్షణ విభాగమున పనిచేసిన కామేశముగారు మొదట జర్మను శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఫాల్క్‌తో కలిసి ఒక మిశ్రమమును రూపొందించిరి. ఇరువురి పేర్లు కలిపి దానికి ఫాల్కమేశం అని పేరిడిరి. 1933లో కామేశముగారు పాషాణమును, మైలుతుత్తమును, డైక్రోమేటును కలిపి మఱింత శ్రేష్ఠమైన మందును సాధించిరి. రాగి శిలీంధ్రములను చంపును. పాషాణము చెదలను, రాగికి లొంగని శిలీంధ్రములను చంపును. క్రోమియము కొయ్యతో కలిసి మార్పుచెంది, ఆ రెంటిని కరగని రూపమున అందే బంధించును. కొయ్యలను ఇనుప పీపాలో ఉంచి, గాలిని తోడివేసి, మందునీటిని ఒత్తిడితో ఎక్కింతురు. ఆర్సెనిక్, రాగి అను ధాతువుల రసాయన సంకేతములను కూర్చి ఈ మందునకు ఆస్కూ అని పేరు పెట్టిరి.

1938లో అమెరికాలో దీనికి పేటెంటు లభించెను. అచటి పరిశోధకులు మందు పట్టించిన కొయ్యలను నేలలో పాతి దశాబ్దములపాటు పరీక్షించి దీని శక్తిని గుర్తించిరి. టెలిఫోను, విద్యుత్ స్తంభములు, వంతెన కొయ్యలు, ఇండ్ల అరుగులు, న్యూజీలండులోని పొలముల కంచెగుంజలు, అన్నిటికిని ఇది వ్యాపించెను. చేవలేని తోటకలప గట్టిపనికి వచ్చినందున చేవగల అడవిచెట్లపై ఒత్తిడి కొంత తగ్గెను. మన సంచికలలో అరుదుగా కనబడు తెలుగు ఇంటిపేరు గలవాని పని, పేరు తెలియకయే, దేశదేశముల పెరళ్ళలో నాటుకొనెను.

అయినను విషము విషమే. చిన్నపిల్లలు ఆడుకొను కొయ్య సామగ్రినుండియు, అరుగులనుండియు పాషాణము స్వల్పముగా వెలికి వచ్చుననియు, అట్టి కొయ్యను కాల్చిన బూడిద ప్రమాదకరమనియు కాలక్రమమున తేలెను. 2003 ముగియునాటికి అమెరికా తయారీదారులు ఇండ్లకు వాడు కలపకు ఈ మందు పట్టించుట విరమించిరి. ఐరోపాలోను ఆంక్షలు వచ్చినవి. స్తంభముల వంటి పనులకు అమెరికాలో అనుమతి నిలిచినది. దీనివలన కామేశముగారి ఘనత తగ్గదు. ఆయన కాలపు ప్రశ్న కొయ్య నిలుచుట. తరువాతి కాలము, ఆ కొయ్యను తాకు చేతుల క్షేమమును గూడ ప్రశ్నించెను. మనవాడని దోషమును దాచుటయు, దోషమున్నదని మనిషిని మఱచుటయు రెండును తగవు.

1986లో భారత అటవీ పరిశోధనా విద్యామండలి ఏర్పడి, దెహ్రాదూను సంస్థ దానిలో భాగమయ్యెను. 1991లో విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందెను. మైసూరు సంస్థానము 1938లో బెంగుళూరున నెలకొల్పిన అటవీ పరిశోధనశాల, 1988లో కలప విజ్ఞాన సంస్థగా రూపొందెను. కోయంబత్తూరున చెట్ల జన్యుశాస్త్ర సంస్థయు, హైదరాబాదు చెంత దూలపల్లిలో అటవీ జీవవైవిధ్య సంస్థయు ఆ మండలికి చెందినవే. కర్ణాటక, తమిళనాడులలోని మన పిల్లలకు వీనిలో రెండు చేరువలోనే ఉన్నవి. వారిని ఒకమారు అచటికి కొనిపోయి చూపుట మంచిది.

మన కుటుంబములలో అటవీశాఖలందు, రైల్వేలందు, మిల్లులందు పనిచేసిన పెద్దల నియామకపత్రములు, ఛాయాచిత్రములు, పనిపుస్తకములు పాతపెట్టెలలో ఉండవచ్చును. చెదలు కొయ్యనే కాదు, కాగితమును గూడ తినును. అవి చెడకముందే వానిని వెలికి తీసి, నకళ్ళు చేయించి, మీమీ ఊళ్ళలోని తెలుగు సంఘముల గ్రంథాలయములందు చేర్పుడని పాఠక మహాశయులను ప్రార్థించుచున్నాము.