జీనోమ్‌వ్యాప్త సంబంధ అధ్యయనం

సాధారణ వ్యాధులతో, శారీరక లక్షణాలతో ముడిపడిన జన్యు వైవిధ్యాలను జీనోమ్ అంతటా గాలించి గుర్తించే గణాంక పద్ధతి జీనోమ్‌వ్యాప్త సంబంధ అధ్యయనం. సంక్షిప్త నామం జీవాస్.

ఒక్క న్యూక్లియోటైడ్ మాత్రమే మారే స్థానాలను స్నిప్‌లు అంటారు. డీఎన్‌ఏ చిప్‌లతో లక్షలాది స్నిప్‌లను పరీక్షించి, వ్యాధి ఉన్నవారిలో, లేనివారిలో వాటి పౌనఃపున్యాన్ని పోలుస్తారు. కాకతాళీయ ఫలితాలను వడపోయడానికి పి-విలువ 5×10⁻⁸ కంటే తక్కువ ఉండాలన్నది ప్రామాణిక నియమం.

2002లో మొదలైన అంతర్జాతీయ హాప్‌మ్యాప్ ప్రాజెక్టు ఈ పద్ధతికి పునాది వేసింది. 2005లో 96 మంది రోగులను, 50 మంది వ్యాధి లేనివారిని పోల్చిన అధ్యయనం, వయసుతో వచ్చే మాక్యులా క్షీణతకు 1వ క్రోమోజోముపై ఉన్న కాంప్లిమెంట్ ఫ్యాక్టర్ హెచ్ జన్యువుతో సంబంధాన్ని చూపింది. 2007లో బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్ట్ కేస్ కంట్రోల్ కన్సార్షియం 7 వ్యాధులకు సుమారు 14,000 మంది రోగులను, 3,000 మంది ఇతరులను పరిశీలించింది. 2022లో దాదాపు 54 లక్షల మంది సమాచారం నుంచి ఎత్తుతో సంబంధమున్న 12,111 స్నిప్‌లు వెల్లడయ్యాయి.

గుర్తించిన వైవిధ్యాలలో అత్యధికం ప్రొటీన్ సంకేతాలు లేని భాగాల్లో ఉంటాయి. విడివిడిగా వాటి ప్రభావం స్వల్పం. గణాంక సంబంధం ఒక్కటే కారణాన్ని నిరూపించదు. అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో ఎక్కువ మంది ఐరోపా సంతతివారు కావడంతో, ఈ ఫలితాల ఆధారంగా వేసే వ్యాధి ముప్పు అంచనాలు ఇతర జనాభాలకు అంత కచ్చితంగా వర్తించవు.