మంచు ఖండము – మానవుని మాట

దక్షిణ ధ్రువమును చుట్టియున్న అంటార్కిటికా ఖండమునకు రాజు లేడు, స్థిరనివాసులైన ప్రజలు లేరు. అయినను ఇరువదవ శతాబ్ది మధ్యమునాటికే ఏడు దేశములు అందలి భూభాగములు తమవని ప్రకటించుకొన్నవి. బ్రిటన్, అర్జెంటీనా, చిలీలు కోరిన హద్దులు ఒకదానిపై నొకటి పడినవి. ఈ ఖండమును శాంతియుత ప్రయోజనములకే వినియోగింపవలెనని 1956లో భారతదేశము ఐక్యరాజ్యసమితి ముందు ప్రతిపాదించెను. అది చర్చకు రాకుండగనే ఉపసంహరింపబడినది.

1957–58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరమున 12 దేశముల శాస్త్రజ్ఞులు అచ్చట కలసి పనిచేసిరి. ఆ అనుభవమే 1959 డిసెంబరు 1న వాషింగ్టనులో కుదిరిన ఒడంబడికకు పునాది. సైనిక చర్యలు, అణుపరీక్షలు నిషిద్ధములైనవి. హక్కుల తగవును తీర్చక, ఉన్నదున్నట్లు ప్రక్కన నుంచిరి. తగవు తీరకున్నను శాంతి నిలిచినది.

అయితే మంచు క్రింది ఖనిజముల మాట ఆ పత్రములో లేదు. 1988లో వెల్లింగ్టనులో గనుల త్రవ్వకమునకు నియమములు కూర్చిన ఒప్పందము సిద్ధమైనది. మరుసటి సంవత్సరమే ఆస్ట్రేలియా, ఫ్రాన్సు దానికి సమ్మతింపమనినవి. అది అమలులోనికి రానేలేదు. దానికి మారుగా 1991 అక్టోబరు 4న మాడ్రిడ్ నగరమున పర్యావరణ రక్షణ ఒప్పందము జరిగినది. శాస్త్ర పరిశోధనకు తప్ప ఖనిజముల జోలికి పోరాదని అది శాసించినది. 1998లో అమలునకు వచ్చినది.

ఈ నిషేధము 2048లో ముగియునని కొందరు తలంతురు. అది సరికాదు. ఆ పిమ్మట, నిర్ణయాధికారము గల ఏ సభ్యదేశమైనను పునఃపరిశీలనా సభను కోరవచ్చును, అంతియే. 1983లో ఒడంబడికలో చేరిన భారతదేశము 2022లో తన చట్టమును కూడ చేసికొన్నది. ఆ హిమసీమను కాచుచున్నది దేశములు ఇచ్చిన మాటయే. దానిని నిలుపవలసినవారు రేపటి తరమువారు.